చుక్క అంటే షష్ఠీ విభక్తి

మాయల ఫకీరు ప్రాణం ఎక్కడ ఉన్నదో ఒకప్పుడు తెలుగునాట పిల్లలందరికీ కంఠస్థం. మా అమ్మమ్మ చెప్పిన బాలనాగమ్మ కథలో ఏడు సముద్రాల అవతల ఒక దీవి, ఆ దీవిలో ఒక మర్రిచెట్టు, ఆ చెట్టుకు ఒక తొర్ర, ఆ తొర్రలో ఒక చిలుక, ఆ చిలుకలో ఫకీరు ప్రాణం. కథలో ఎన్ని సంగతులు మరచిపోయినా ఈ దారిని మాత్రం మేము మరచిపోలేదు. దీవి దొరికినంత మాత్రాన పని కాదు, చెట్టు దొరికినా కాదు. చిట్టచివరి చిలుక చేతికి వస్తేనే కథ ముగుస్తుంది.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు ప్రతిదినం చేసే పనిలో పెద్ద భాగం ఇదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. వారికి కావలసిన విలువ ఎప్పుడూ పైపైన ఉండదు. ఒక పెట్టెలో మరొక పెట్టె, దానిలో ఇంకొకటి, అడుగున ఎక్కడో ఒక చిన్న అంకె లేదా మాట. అక్కడికి పోయే దారిని వారు చుక్కలతో వ్రాస్తారు. మన కథను వారి పద్ధతిలో వ్రాస్తే ఇలా ఉంటుంది: దీవి.చెట్టు.తొర్ర.చిలుక.ప్రాణం.

ఈ చుక్కను చూసిన తెలుగు పండితునికి ఇది పాత చుట్టమే అనిపిస్తుంది. ఇది షష్ఠీ విభక్తి. దీవి యొక్క చెట్టు యొక్క తొర్ర యొక్క చిలుక యొక్క ప్రాణం. పైగా వరుస కూడా మన వరుసే. ఇంగ్లీషులో 'ఆఫ్' అన్న మాటతో ఇదే సంగతి చెప్పబోతే ప్రాణం ముందుకు వచ్చి దీవి చివరకు పోతుంది. మనము వెలుపలి నుండి లోపలికి నడుస్తాము, యంత్రమూ అలాగే నడుస్తుంది. అంతేకాదు, తెలుగు 'యొక్క' అన్న ప్రత్యయాన్ని కూడా చాలాచోట్ల సహించదు. 'ఇంటి ముంగిటి చెట్టు కొమ్మ' అంటే చాలు, 'ఇల్లు యొక్క' అని ఎవరూ అనరు. ఇల్లు ఇంటి అవుతుంది, చేయి చేతి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది. వ్యాకరణంలో ఔపవిభక్తికాలని చెప్పుకొనేవి ఇవే. లోపలి వస్తువు దగ్గరకు పోయే దారిని పొట్టిగా చేసుకోవాలన్న కోరిక భాషకు సహజం. మరి ప్రోగ్రాములకు మాత్రం ఎందుకు ఉండదు? ఆ కోరిక తీర్చుకోవడానికి వారు ఏమేమి చేశారో, అందులో ఒక బడిపంతులుకు కనబడిన మంచిచెడ్డలు ఏమిటో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. చదివినది భాషాప్రవీణ, ఆ పైన పండిత శిక్షణ. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. 2020లో అందరూ ఇంటిపట్టున ఉండవలసి వచ్చిన నెలలలో తన కంప్యూటరుతో సహా మా ఇంటికి వచ్చి, ఇక్కడి నుండే పని చేసుకొనేది. ఆమె ప్రక్కన కూర్చొని మొదట వినోదంగా, తరువాత పట్టుదలగా కొంత నేర్చుకొన్నాను. నా అవసరం చాలా చిన్నది. పద్యం వ్రాయ నేర్చుకొనే పిల్లలు ఒక పెట్టెలో అక్షరాలు టైపు చేస్తూ ఉండగానే వాటి క్రింద గురులఘువులు, గణాలు, యతి స్థానం కనబడాలి. ఒక్క పుట చాలు.

ఈ పనికి తగిన పద్ధతి రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అని మా అమ్మాయి చెప్పింది. తెలుగులో ప్రతిస్పందక పద్ధతి అనుకోవచ్చు. మామూలు ప్రోగ్రాము ఒక విలువను అడిగి తెచ్చుకొంటుంది. ఈ పద్ధతిలో విలువలే కాలువ నీటివలె ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉంటాయి, వచ్చినప్పుడల్లా ప్రోగ్రాము స్పందిస్తుంది. 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థలో ఎరిక్ మైయర్ బృందం దీనికి రియాక్టివ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న రూపం ఇచ్చింది. తరువాత అది పలు భాషలలోకి పాకింది. వెబ్ పుటల భాష అయిన జావాస్క్రిప్టులో దాని పేరు ఆర్‌ఎక్స్‌జేఎస్. ఇందులో ప్రవాహాన్ని వినడానికి వాడే మాట 'సబ్‌స్క్రైబ్'. మనకు బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే చందా కట్టడం. మాసపత్రికకు చందా కడితే ప్రతినెలా సంచిక మన గుమ్మానికి వస్తుంది గదా, అలాగే ఇక్కడ ప్రతి కొత్త విలువా చందాదారుని దగ్గరకు వస్తుంది. మూలానికీ చందాదారునికీ నడుమ కొన్ని మజిలీలు పెట్టవచ్చు. 'మ్యాప్' అన్న మజిలీ వచ్చిన విలువను మరొక విలువగా మార్చి పంపుతుంది. 'ఫిల్టర్' అన్నది జల్లెడ.

ఇక నా పుట సంగతికి వస్తాను. పిల్లవాడు ఒక మీట నొక్కగానే ప్రవాహంలోకి వచ్చేది అక్షరం కాదు. 'ఈవెంట్' అనే పెద్ద మూట ఒకటి వస్తుంది. ఏ క్షణాన నొక్కారు, ఏ పెట్టెలో నొక్కారు ఇత్యాదులన్నీ అందులో ఉంటాయి. పెట్టెలోని పద్యపాఠం కావాలంటే ఈవెంట్.టార్గెట్.వాల్యూ అని మూడు మెట్లు దిగాలి. సంఘటన, దాని లక్ష్యం, ఆ లక్ష్యపు విలువ. ఇది మొదటి దారి.

రెండవ దారి ఇంకా లోతైనది. వచ్చిన పాఠాన్ని నా ప్రోగ్రాము పద్యంగా విడదీస్తుంది. పద్యంలో పాదాలు, పాదంలో గణాలు, గణంలో అక్షరాలు, అక్షరానికి గురువో లఘువో అన్న గుర్తు. ఛందస్సు ఎప్పటినుండో పెట్టెలో పెట్టెగానే ఉన్నది, మనమే ఆ పేరుతో పిలవలేదు. ఆటవెలదినే తీసుకోండి. దాని మూడవ పాదంలో ముందు మూడు సూర్యగణాలు, ఆ పైన రెండు ఇంద్రగణాలు. నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి చెల్లాలి. ఆ అక్షరాన్ని పట్టుకోవాలంటే దారి ఇది: పద్యం యొక్క పాదాలలో మూడవదాని యొక్క గణాలలో నాలుగవదాని యొక్క మొదటి అక్షరం. మూడు 'యొక్క'లు!

చిక్కు ఇక్కడే వస్తుంది. పిల్లవాడు మొదటి పాదం టైపు చేస్తూ ఉండగా మూడవ పాదం అన్నది లేదు. లేని పాదానికి గణాలేవని అడిగితే జావాస్క్రిప్టు ఊరుకోదు. పాదం లేదు అన్నంతవరకు అది 'అన్‌డిఫైన్డ్' అని నెమ్మదిగానే చెబుతుంది. ఆ 'లేనిదాని' మీద మరొక చుక్క పెట్టి లోపల ఏమున్నదని అడిగితే మాత్రం దోషమని కేకవేస్తుంది. గొడ్రాలి మనుమడి పేరేమిటని అడిగినట్లు గదా!

మామూలు ప్రోగ్రాములో ఈ కేక వలన జరిగే నష్టం చాలావరకు ఆ ఒక్కసారికే. మరొక మీట నొక్కితే మళ్ళీ మొదటి నుండి ప్రయత్నం జరుగుతుంది. ప్రవాహంలో అలా కాదు. ఆర్‌ఎక్స్‌జేఎస్ నియమం ప్రకారం ఒక మజిలీలో దోషం పుట్టితే ఆ దోషమే చందాదారుని చేరే చివరి వార్త. ఆ తరువాత అతనికి ఇంకేమీ రాదు. చందా అక్కడితో తెగిపోతుంది. పిల్లవాడు ఆ తరువాత పద్యం అంతా నిర్దోషంగా పూర్తిచేసినా పుట రాయివలె ఉంటుంది. ఒక విద్యార్థి ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాడని మిగిలిన సంవత్సరమంతా ఆ తరగతికి పాఠం మానుకొన్న పంతులును ఊహించుకోండి. లోపలి విలువను అందుకొనే పద్ధతి ప్రవాహాల విషయంలో ఇంత ముఖ్యం కావడానికి కారణం ఇదే. దోషాన్ని పట్టుకొనే మజిలీలు, తెగిన చందాను మళ్ళీ కట్టే మజిలీలు లేకపోలేదు. అవి వంతెన కూలిన తరువాత చేసే ఏర్పాట్లు. పిల్లవాడు మూడవ పాదానికి ఇంకా రాకపోవడం ప్రమాదం కాదు, అది ప్రతి పద్యానికీ మొదట ఉండే స్థితి. దానికి ప్రమాదపు మర్యాదలు చేయడం అనవసరం.

పూర్వం దీనికి చేసిన ఏర్పాటు విసుగు పుట్టించేది. 'పద్యం ఉన్నదా? ఉంటే దాని పాదం ఉన్నదా? ఉంటే దాని గణం ఉన్నదా?' అని ప్రతి మెట్టు దగ్గర ఆగి అడిగి, ప్రతిసారీ దారి మొత్తాన్ని మొదటి నుండి మళ్ళీ వ్రాయడం. జోల పాటలో పల్లవి తిరిగి తిరిగి వచ్చినట్లు అవే మాటలు వచ్చేవి. చదివేవానికి అసలు సంగతి ఎక్కడున్నదో తెలిసేది కాదు.

అందుకని ఆర్‌ఎక్స్‌జేఎస్ కర్తలు 'ప్లక్' అనే మజిలీని కల్పించారు. ప్లక్ అంటే కోయడం, పూవు కోసినట్లు. మెట్ల పేర్లను వరుసగా చెబితే చాలు. ప్లక్ చేతికి 'టార్గెట్', 'వాల్యూ' అని రెండు మాటలు ఇస్తే, వచ్చిన ప్రతి ఈవెంటు నుండీ లోపలి పాఠాన్ని కోసి ముందుకు పంపేది. నడుమ ఏ మెట్టు లేకపోయినా కేకవేయకుండా 'అన్‌డిఫైన్డ్' అన్నదాన్ని పంపి తరువాతి విలువ కోసం ఎదురుచూసేది. చందా తెగేది కాదు. దారి పొట్టి, ప్రయాణం సుఖం. ఎందరో దీనిని ఇష్టపడి వాడారు. నాకూ ఆ పేరే నచ్చింది. తెల్లవారుజామున మల్లెపందిరి దగ్గర పూలు కోసేవారు కొమ్మను విరవరు, తీగను లాగరు, పూవును మాత్రం తీసుకొంటారు. మొగ్గ విచ్చకపోతే రేపటికి వదలివేస్తారు. పేరుకు తగిన పని.

నా పుటలో మార్పులు చేసుకొంటూ 2021లో ఒకరోజు దీనినే వాడబోయాను. మా అమ్మాయి ఫోనులో విని, "నాన్నగారూ, ప్లక్ వాడకండి. దానికి రిటైర్మెంటు ఇచ్చేశారు," అన్నది.

"బాగా పనిచేసేవాళ్ళకే ముందుగా ఇస్తారమ్మా," అన్నాను.

నవ్వి, కారణాలు చెప్పింది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్‌జేఎస్ ఏడవ రూపంలో ప్లక్‌ను 'ఇకపై వాడవద్దు' అన్న పట్టికలో చేర్చారు. ఎనిమిదవ రూపంలో తొలగిస్తామని కూడా అందులోనే ప్రకటించారు. కారణాలను నేను అర్థం చేసుకొన్న మేరకు చెబుతాను.

మొదటిది, ప్లక్‌కు మనము ఇచ్చే మెట్ల పేర్లు ఉల్లేఖన చిహ్నాల నడుమ ఉన్న ఒట్టి మాటలు. చుక్క పెట్టి వ్రాసిన పేరు వ్యాకరణంలో అన్వయించే పదం వంటిది. చిహ్నాల నడుమ పెట్టిన పేరు ఎవరో అన్న మాటను మనము ఎత్తి చెప్పినట్లు. ఈనాడు జావాస్క్రిప్టు వ్రాసేవారిలో పెక్కుమంది టైప్‌స్క్రిప్ట్ అన్న పరీక్షకుణ్ణి ప్రక్కన పెట్టుకొని వ్రాస్తారు. ప్రోగ్రాము నడవకముందే అతడు చదివి, 'ఈ పెట్టెలో ఆ పేరు గల అర లేదే' అని హెచ్చరిస్తాడు. చుక్కల దారిని అతడు మెట్టుమెట్టునా పరీక్షించగలడు. ప్లక్‌కు ఇచ్చిన పేర్లను కూడా కొన్ని మెట్ల వరకు పరీక్షించేటట్లు ఏర్పాటు చేశారు గాని, లోతు పెరిగితే అతడు చేతులెత్తేసేవాడు. లోపలి నుండి వచ్చేది అంకెయా, మాటయా అన్నది అతనికి తెలిసేది కాదు. తెలియనిదాన్ని తెలియదనే చెప్పేవాడు, అది అతని నిజాయితీ. కాని ఆ తరువాతి మజిలీలన్నీ చీకటిలోనే పోవలసి వచ్చేది.

రెండవ కారణం ఇంకా బలమైనది. భాషే ఆ సౌకర్యాన్ని తనలో కలుపుకొన్నది. 2020 నాటి జావాస్క్రిప్టు ప్రమాణంలో 'ఆప్షనల్ చెయినింగ్' అన్న కొత్త గుర్తు వచ్చింది. ప్రశ్నార్థకం, దాని వెంటనే చుక్క. దీవి?.చెట్టు?.తొర్ర అని వ్రాస్తే, 'దీవి అనేది ఉంటే దాని చెట్టు, ఆ చెట్టు ఉంటే దాని తొర్ర' అని అర్థం. ఎక్కడ లేకపోతే అక్కడే ఆగి 'అన్‌డిఫైన్డ్' అంటుంది, కేకవేయదు. మామూలు చుక్క షష్ఠి అయితే ఇది షష్ఠికి చేదర్థకం తోడైనది. 'వచ్చినచో', 'ఉన్నచో' అని మనము క్రియకు చేర్చే షరతును వీరు ఒక ప్రశ్నార్థకంలో ఇమిడ్చారు. ఇటువంటి గుర్తు సీ షార్ప్ వంటి భాషలలో అంతకుముందే ఉన్నది, జావాస్క్రిప్టుకు ఆలస్యంగా దక్కింది. ఇది వచ్చాక ప్లక్ చేసే పనిని మ్యాప్ అన్న పాత మజిలీయే చేయగలదు. 'వచ్చినదాని ఉంటే టార్గెట్, ఉంటే దాని వాల్యూ' అని మ్యాప్‌కు చెబితే సరిపోయె. పరీక్షకుడూ దారంతా చూడగలడు.

పేర్లు పెరగడం భాషకు సంపద అని మనవారి అభిప్రాయం. గ్రంథాలయం వంటి ప్రోగ్రాముల సంచికి మాత్రం ప్రతి పేరూ ఒక బరువు. దాన్ని నేర్చుకోవాలి, నేర్పాలి, కాపాడాలి. సాధారణ సూత్రంతో సిద్ధించే రూపానికి ప్రత్యేక సూత్రం చేయకపోవడం మన వ్యాకర్తల మర్యాద కూడాను. లాఘవమంటే అదే. కాబట్టి ప్లక్ విరమణలో అన్యాయం ఏమీ లేదని ఒప్పుకొన్నాను. పాత ప్రోగ్రాములను చదివేవారికి మాత్రం అది ఏమి చేసేదో తెలిసి ఉండాలి. వాడుకలో లేని పదాన్ని నిఘంటువు నుండి తీసివేయము గదా.

ఇంతవరకు దారి పొట్టి కావడం గురించి. ఇక నాకు ముఖ్యమైన మాట చెబుతాను. దారి పొట్టి అయినకొద్దీ, దారి చివర ఏమీ లేనప్పుడు ఏమి చెప్పాలన్న ప్రశ్నను మరచిపోవడం సులువవుతుంది. కేకవేసే చుక్క మొరటుదే గాని, అది మనలను ఆలోచింపజేస్తుంది. మెత్తగా 'అన్‌డిఫైన్డ్' అనే గుర్తు ఆ ఆలోచనను వాయిదా వేయనిస్తుంది. వాయిదా పడిన ఆలోచన స్థానంలో సాధారణంగా ఒక సున్నా వచ్చి కూర్చొంటుంది.

సున్నాకూ లేమికీ భేదం ఏమిటో ఉపాధ్యాయునికి ఎవరూ చెప్పనక్కరలేదు. మార్కుల రిజిస్టరులో పరీక్ష వ్రాసి ఏమీ రానివానికి సున్నా వేస్తాము. రానివానికి ఎర్రసిరాతో గైర్హాజరు అని వ్రాస్తాము. నేను పనిచేసిన ఒకచోట, పేరు చెప్పను, తొమ్మిదవ తరగతిలో చక్కగా చదివే ఒక అమ్మాయికి అర్ధసంవత్సర పరీక్షల వారంలో ఆటలమ్మ పోసింది. మూడు పరీక్షలకు రాలేదు. రిజిస్టరులో మూడుచోట్లా గైర్హాజరనే ఉన్నది. ఆ ఏడాది మార్కులను మొదటిసారిగా కంప్యూటరులోకి ఎక్కించారు. ఎక్కించినచోట అంకెలు మాత్రమే పట్టే గడులు ఉన్నాయట. అక్షరాలు పట్టని గడి ఖాళీగా మిగిలింది, ఖాళీ గడిని లెక్క కట్టే యంత్రం సున్నా అనుకొన్నది. సగటు దిగజారింది. ఆ సగటు ఆధారంగా తయారైన ఉపకారవేతనపు జాబితాలో ఆ పిల్ల పేరు లేదు. రిజిస్టరు చేత పట్టుకొని నేనూ ప్రధానోపాధ్యాయులూ తిరిగాము. జాబితా అప్పటికే పైకి పోయింది. తప్పు ఎవరిదని అడిగితే వేలు చూపడానికి మనిషి కనబడలేదు. గడి ఖాళీ, యంత్రం తన పని చేసింది, ఎవరూ అబద్ధం వ్రాయలేదు. కాని అబద్ధం ఒకటి పుట్టింది. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఆ పిల్ల పదవ తరగతి తరువాత చదువు మానింది. ఆ డబ్బు ఉంటే మానకపోయేదని నేను ప్రమాణం చేయలేను. ఆ సున్నా మాత్రం ఆ పిల్లది కాదని చెప్పగలను.

అందుచేత లోపలి విలువ దొరకని సందర్భంలో ఏమి వేయాలో చెప్పే గుర్తులను నేను కొంచెం ఎక్కువ శ్రద్ధతో చూశాను. జావాస్క్రిప్టులో అవి రెండు. పాతది రెండు నిలువు గీతలు. ఎడమ ప్రక్కది లేకపోతే కుడి ప్రక్కది తీసుకోమని దాని వాడుక. కాని అది 'లేకపోవడం' అన్నదాన్ని చాలా వెడల్పుగా అర్థం చేసుకొంటుంది. సున్నాను కూడా లేనిదిగానే ఎంచుతుంది, అక్షరమే లేని ఖాళీ మాటనూ అలాగే ఎంచుతుంది. 'మార్కులు, లేకుంటే గైర్హాజరు' అని దానితో వ్రాస్తే, పరీక్షకు వచ్చి సున్నా తెచ్చుకొన్నవాడు కూడా గైర్హాజరు అయిపోతాడు. రెండవది 2020 ప్రమాణంలోనే వచ్చిన రెండు ప్రశ్నార్థకాల గుర్తు. ఇది నిజంగా లేనిదాన్ని, అంటే 'అన్‌డిఫైన్డ్' లేదా 'నల్' అన్నవాటిని మాత్రమే లేనిదిగా చూస్తుంది. సున్నాకు సున్నా మర్యాద ఇస్తుంది. ఇక్కడ కూడా కుడి ప్రక్కన మనము సున్నా వ్రాస్తే గైర్హాజరైన పిల్ల మళ్ళీ సున్నా తెచ్చుకొంటుంది. గుర్తు ఎంత సూక్ష్మమైనదైనా కుడి ప్రక్కన ఏమి వ్రాయాలన్నది మనిషి నిర్ణయం. 1965లో శూన్య సూచిక అన్న భావనను ప్రోగ్రామింగు భాషలోకి తెచ్చిన టోనీ హోర్ మహాశయుడు, 2009లో దానిని తాను చేసిన నూరు కోట్ల డాలర్ల పొరపాటు అని చెప్పుకొన్నారు. లేమికి ఒక గుర్తు పెట్టడం కష్టం కాదు, ఆ గుర్తు కనబడిన ప్రతిచోటా దాన్ని లేమిగానే గౌరవించడం కష్టం.

నా పుటలో దీనిని ఇలా అమలుపరచాను. యతి స్థానం దగ్గర పుట చెప్పగల మాటలు రెండు కావు, మూడు. చెల్లినది, చెల్లలేదు, ఇంకా రాలేదు. నాలుగవ గణం మొదటి అక్షరం దాకా ప్రశ్నార్థకపు చుక్కలతో దిగుతాను. ఏదీ దొరకకపోతే రెండు ప్రశ్నార్థకాల కుడి ప్రక్కన 'ఇంకా రాలేదు' అని ఉంటుంది. మూడవ పాదం చేరని పిల్లవానికి ఎర్రరంగులో 'యతి తప్పింది' అని చూపడం ఎంత అన్యాయమో ఆలోచించండి. పద్యం మొదలుపెట్టినవాడు మొదటి పాదం దగ్గరే కాగితం మడిచిపెట్టడానికి ఆ ఎర్రరంగు చాలు.

మూడు చిన్న జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, ప్రశ్నార్థకపు చుక్కను అన్ని మెట్ల దగ్గరా చల్లకూడదు. లేకపోవడం సహజమైనచోట మాత్రమే పెట్టాలి. మూడవ పాదం లేకపోవచ్చు, అక్కడ అవసరం. ఉన్న అక్షరానికి గురులఘువుల గుర్తు లేకపోవడం సహజం కాదు, అది నా ప్రోగ్రాములో లోపం. అక్కడ మామూలు చుక్కే ఉండాలి, కేక వినబడాలి. అన్నిటికీ 'పోనీలే' అనే పంతులు దగ్గర చదువు రాదు. మరొక సంగతి, జాబితాలో మూడవది ఉన్నదా లేదా అన్న ప్రశ్నను టైప్‌స్క్రిప్ట్ పరీక్షకుడు తనంత తాను అడగడు. అడగమని అతనికి ప్రత్యేకంగా చెప్పిపెట్టుకోవాలి. ఆ వీలు ఉన్నది.

రెండు, లోపలి విలువను ప్రవాహం మొదట్లోనే ఒక్కసారి తీసుకోవడం మేలు. మొదటి మ్యాప్‌లోనే ఈవెంటు మూట విప్పి పాఠాన్ని తీసి పంపితే, ఆ తరువాతి మజిలీలకు ఆ మూట ఊసే అక్కరలేదు. రేపు మూట కట్టే పద్ధతి మారినా మార్చవలసినది ఒక్కచోటే. వడ్లు కళ్ళంలోనే తూర్పారబట్టుకోవాలి గాని, పొట్టుతో సహా వంటింటికి తెచ్చి ప్రతిపూటా చెరగడం ఎందుకు?

మూడు, దొరికిన విలువ పూర్తి అయినదో కాదో కూడా చూసుకోవాలి. ఇది తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు. ఇంగ్లీషు మీటలతో తెలుగు టైపు చేసేటప్పుడు 'పద' అన్న మాట నాలుగు అడుగులలో వస్తుంది: ప్, ప, పద్, పద. మూడవ అడుగు దగ్గర పొల్లు హల్లు ముందున్న అక్షరంతో కలిసి ఒక గురువు అవుతుంది. నాలుగవ అడుగులో అదే రెండు లఘువులు అవుతుంది. మీట మీటకూ లెక్క చూపితే గురులఘువులు మిణుగురుల వలె వెలిగి ఆరుతాయి. అందుకని 'డిబౌన్స్‌టైమ్' అన్న మజిలీని పెట్టి, చేయి 300 మిల్లీ సెకన్లు ఆగిన తరువాతనే పాఠాన్ని ముందుకు పంపుతాను. దాని తరువాత 'డిస్టింక్ట్ అంటిల్ ఛేంజ్‌డ్' అన్న మజిలీ, పాఠం నిజంగా మారితేనే పోనిస్తుంది. పిల్లవాడు ఆలోచిస్తున్నంతసేపు పుట మౌనంగా ఉంటుంది.

లోపలి విలువను అందుకొనే దారి ఎంత పొట్టిదైనా కావచ్చు, అందుకు నేను సంతోషిస్తాను. చిలుక దొరకనినాడు దొరకలేదని చెప్పే మాట మాత్రం ఆ దారితోపాటే వ్రాసి పెట్టుకోవాలి. మీలో ఈ పనిలో ఆరితేరినవారు ఉంటే, 'అన్‌డిఫైన్డ్' అన్న మాటకు ఒక మంచి తెలుగు మాట సూచించగలరు. 'శూన్యం' అంటే సున్నా అనుకొనే ప్రమాదం ఉన్నది, 'అనిర్వచితం' నోరు తిరగదు. ప్రస్తుతానికి నా పుటలో పిల్లలకు కనబడే మాట 'ఇంకా రాలేదు'. వారికి అది చక్కగా అర్థమవుతున్నది.

సెలవు.